బాల్కనీలో ముప్పయ్యేళ్లు

పోయిన క్రిస్మస్ రాత్రి పూజలో నేను చేసిన ఘనకార్యంతో మొదలుపెడతాను. మాది గుంటూరు వైపు చిన్న ఊరు. అక్కడి ఆర్‌సీఎం చర్చిలో తొమ్మిదో తరగతి నుంచి కీబోర్డు వాయిస్తున్నాను. నాకంటే ముందు ఉపదేశి తాతయ్య హార్మోనియం ఒక్కటే ఉండేది. ఇప్పటికీ ఉంది, తిత్తికి రెండు చోట్ల అతుకులేసుకుని.

ఆ రాత్రి అర్పణ పాట అయిపోయింది. ఫాదర్ గారు బలిపీఠం దగ్గర ఇంకా చేతులు కడుక్కుంటున్నారు. ఆ కాస్త ఖాళీలో ఏదో ఒకటి మెల్లగా వాయిస్తూ ఉండాలి, ఆయన సిద్ధం కాగానే ఆపాలి. మా డ్యూటీ అంతే. నేనేమో కాలేజీ ఫెస్ట్‌లో బ్యాండ్‌తో వాయించి వచ్చిన ఊపులో ఉన్నాను. రెండు కార్డులతో మొదలుపెట్టి, కళ్లు మూసుకుని, ఎక్కడికో వెళ్లిపోయాను. ఫాదర్ గారు చేతులు చాచి నిలబడే ఉన్నారట. ఊరంతా నిలబడే ఉందట. తాతయ్య లేచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుని కీబోర్డు మీంచి పక్కకి జరిపారు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు కాన్వెంటు సిస్టర్ గారు కొత్త సంవత్సరం పూజకి నేర్చుకోమని ఒక జిరాక్స్ కాగితం ఇచ్చారు. పాట పేరు ‘పానిస్ ఏంజెలికుస్’. లాటిన్ పాట, ప్రపంచమంతా పెళ్లిళ్లలో పాడతారు. కుడివైపు పైన చిన్న అక్షరాల్లో సి. ఫ్రాంక్ అని ఉంది. ఈయన కూడా నీలాగే చర్చిలో వాయించినాయనే, ఎవరో చూసుకో అన్నారావిడ. సెలవులయ్యాక హాస్టల్‌కి వచ్చి చూడటం మొదలుపెట్టాను. డీఎస్పీ రికార్డు రాయాల్సిన రాత్రులు చాలా ఈయనకే పోయాయి. ఆ మనిషి కథ మీకు చెప్పాలనిపించింది.

సెజార్ ఫ్రాంక్ 1822 డిసెంబర్ 10న లియేజ్ అనే ఊళ్లో పుట్టారు. ఇప్పుడది బెల్జియంలో ఉంది. ఆయన పుట్టేనాటికి బెల్జియం అనే దేశమే లేదు. తండ్రి నికొలా జోసెఫ్ బ్యాంకు గుమాస్తా, ఆ ఉద్యోగమూ నిలకడగా ఉండేది కాదు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి పియానో, చిన్నవాడికి వయొలిన్ అని ఇంట్లో నిర్ణయం అయిపోయింది. ఆ రోజుల్లో యూరప్‌లో పియానో వాయించి లిస్ట్ లాంటివాళ్లు సంపాదిస్తున్న పేరూ డబ్బూ చూసి, మనవాడూ అంతవాడు కావాలని తండ్రి పట్టుపట్టాడు. కొడుకు బొమ్మలతో ఆడుకునే వయసులోనే ర్యాంకు ఖాయం చేసేసిన నాన్నలు మనకి కొత్త కాదు గదా. ఎనిమిదేళ్లు నిండకుండానే సంగీత కళాశాలలో చేర్పించాడు. 1834లో కచేరీ టూర్లకి తిప్పి, రాజు లియోపోల్డ్ ఎదుట కూడా వాయింపజేశాడు. మరుసటేడు ఇల్లంతా పారిస్‌కి మకాం మార్చేశాడు.

పారిస్ కన్సర్వటోర్‌లో విదేశీయుల్ని చేర్చుకునేవారు కాదు. అందుకని తండ్రి ఫ్రెంచి పౌరసత్వం తీసుకున్నాడు. 1837లో కొడుక్కి సీటొచ్చింది. ఆ సర్టిఫికెట్‌తోనే 35 ఏళ్ల తర్వాత ఒక తమాషా జరుగుతుంది. అది తర్వాత చెప్తాను.

1838లో పియానో పరీక్ష. అంతకుముందు చూడని స్వరాలు ముందు పెట్టి అప్పటికప్పుడు వాయించమన్నారు. పదిహేనేళ్ల కుర్రాడు ఉన్నది ఉన్నట్టు వాయించకుండా మొత్తం ముక్కని మూడో స్వరం కిందికి దించి, శ్రుతి మార్చి, తడుముకోకుండా వాయించేశాడు. మనం కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి చేసే పని. ఎవరూ అడగలేదు, ఎందుకు చేశాడో తెలీదు. మామూలు ఫస్ట్ ప్రైజ్ చాలదని ఆయన కోసం ప్రత్యేకంగా ఒక పెద్ద బహుమతి ఇచ్చారు. 1841లో ఆర్గన్ పరీక్షలో మాత్రం కథ అడ్డం తిరిగింది. ఇచ్చిన ఒక స్వరం మీద ఫ్యూగ్ కట్టాలి, ఇంకో స్వరం మీద విడిగా మనోధర్మంతో వాయించాలి. ఈ రెండు స్వరాలూ ఒకదానిమీద ఒకటి కుదురుతాయని ఆయనకి అక్కడే తట్టింది. రెండింటినీ కలిపేసి ఒకే పెద్ద అల్లిక అల్లాడు. జడ్జీలు తికమకపడి రెండో బహుమతితో సరిపెట్టారు. రెండు ప్రశ్నలకి కలిపి ఒకే జవాబు రాస్తే మన వాల్యుయేషన్‌లో ఏమవుతుందో తెలుసుగా, అదే.

1842లో తండ్రి చదువు మధ్యలో కన్సర్వటోర్ నుంచి మాన్పించేశాడు. ఇక కచేరీలు, ట్యూషన్లు. ప్రచారమంతా తండ్రిదే. సంపాదన చేరేదీ ఆయన చేతికే. కొడుకు కంపోజ్ చేసిన ‘రూత్’ అనే ఆరటోరియో 1846లో ప్రదర్శిస్తే పెద్దగా ఎవరికీ పట్టలేదు.

ఆ కాలంలోనే ఫెలిసితే అనే అమ్మాయికి పియానో నేర్పుతూ ఆమెని ఇష్టపడ్డారు. ఆమెది నాటకాలాడే కుటుంబం. ఆమె పేరున అంకితమిచ్చిన పాట కాగితం తండ్రి కంటపడింది. చించేశాడు. సెజార్ నేరుగా ఆమె ఇంటికి వెళ్లి, అదే పాట జ్ఞాపకం మీద మళ్లీ రాసి ఇచ్చేశాడు. 1846 వేసవిలో చేతికందినంత సామాను తీసుకుని తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. పాతికేళ్లు నిండేదాకా తండ్రి అనుమతి లేనిదే పెళ్లి చట్టం ఒప్పుకోదు. ఆగాడు. 1848 ఫిబ్రవరి 22న పెళ్లి. సరిగ్గా ఆ రోజే పారిస్‌లో విప్లవం మొదలైంది. పెళ్లివారు రోడ్డుకి అడ్డంగా పేర్చిన బారికేడ్లు ఎక్కి దిగి చర్చికి చేరారు.

ఆ చర్చి పేరు నోట్ర్ దామ్ ద లొరెట్. ఆయన అప్పటికే అక్కడ అసిస్టెంట్ ఆర్గనిస్టు. స్టేజీ వదిలేసిన పిల్లాడు వచ్చి చేరింది ఈ ఉద్యోగంలో. నాకు ఇక్కడే ఈయన మీద ఆసక్తి మొదలైంది. పేరు, టిక్కెట్లు, చప్పట్లు అన్నీ వదులుకుని ఎవరికీ కనపడని చోట కూర్చోవడం ఓడిపోవడమా? నేను మొదట అలాగే అనుకున్నాను.

1850ల మొదట్లో సెయింట్ జాన్, సెయింట్ ఫ్రాన్సిస్ పేరున ఉన్న ఒక చిన్న విచారణలో ఆర్గనిస్టుగా చేరారు. చర్చి చిన్నదే గానీ అక్కడి ఆర్గన్ కొత్తది, అరిస్తీద్ కవాయే కోల్ కట్టింది. 1858 జనవరిలో సెయింట్ క్లోటిల్డా చర్చిలో గాన బృందం పెద్దగా వెళ్లారు. జంట గోపురాలతో అప్పుడే కట్టి పూర్తిచేసిన చర్చి అది. దానికీ కవాయే కోలే ఆర్గన్ కడుతున్నాడు. 1859 డిసెంబర్ 19న దాన్ని ప్రారంభించారు. క్వయర్ బాధ్యత ఇంకొకరికి అప్పగించి, ఫ్రాంక్ పైకెక్కి ఆ ఆర్గన్ ముందు కూర్చున్నారు. చనిపోయేదాకా దిగలేదు.

ఈ యంత్రం గురించి కొంచెం చెప్పకపోతే మన కాలేజీ పరువు పోతుంది. పైపు ఆర్గన్ అంటే మన కీబోర్డులో వచ్చే ఆర్గన్ టోన్ కాదు. ఒక్కో స్వరానికి ఒక్కో పైపు. వేణువు సూత్రమే. పైపు పొడవు పెరిగితే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. సుమారు 65 హెర్ట్జ్ స్వరం పలకాలంటే తెరిచి ఉన్న పైపు దాదాపు రెండున్నర మీటర్లు ఉండాలి. ఒక రకం పైపుల వరసని లాగి తెరవడానికి ఒక గుబ్బ ఉంటుంది, దాన్ని స్టాప్ అంటారు. ఈ ఆర్గన్‌కి 46 స్టాపులు, చేతులకి మూడు వరసల మెట్లు, కాళ్లకి ఇంకో వరస. వీటన్నిటికీ గాలి కావాలి. అప్పట్లో కరెంటు మోటారు లేదు. కొలిమి తిత్తుల్లాంటి పెద్ద తిత్తుల్ని మనుషులే తొక్కేవారు. వాయించేవాడి పేరైనా గోడ మీద రాస్తారు గానీ తొక్కినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు.

కవాయే కోల్ గొప్పతనం రెండు విషయాల్లో ఉంది. మెట్టు నొక్కితే ఎక్కడో దూరాన ఉన్న కవాటం తెరుచుకోవాలి. పైపులు ఎక్కువయ్యేకొద్దీ మెట్టు బరువెక్కి వేళ్లు విరిగిపోతాయి. పెద్ద ఆర్గన్లలో ఆయన బార్కర్ లివర్ అనే పరికరం పెట్టేవాడు. వేలు చేసే పని చిన్న కవాటం తెరవడమే, మిగతా బలం గాలిపీడనమే అందిస్తుంది. మన పవర్ స్టీరింగ్ అనుకోండి. రెండోది, ఒక పైపుల గుంపుని పెద్ద చెక్కపెట్టెలో పెట్టి, ముందు కిటికీ రెక్కలు అమర్చడం. కాలితో మీట తొక్కితే రెక్కలు నెమ్మదిగా తెరుచుకుంటాయి, శబ్దం దూరం నుంచి దగ్గరికి వస్తున్నట్టు పెరుగుతుంది. గుసగుస నుంచి గర్జన దాకా. ఇలాంటి యంత్రం దొరికాక ఫ్రాంక్ ఏంచేశారంటే, కాళ్ల వాయింపు తనకి సరిగా రాదని గుర్తించి, పెడల్ బోర్డు ఒకటి ఇంటికి తెప్పించుకుని సాధన మొదలెట్టారు. అప్పటికే ముప్పై అయిదు దాటిన ఉద్యోగస్తుడు. ఈ సంగతి చదివాక నా కీబోర్డు ఎడమచేతి వాయింపు గురించి నాకు కొంచెం సిగ్గేసింది.

ఇక ఆయన పని. ఆర్గన్ చర్చికి వెనకవైపు, ముఖద్వారం పైన, ఎత్తైన బాల్కనీలో ఉంటుంది. జనమంతా బలిపీఠం వైపు తిరిగి ఉంటారు. అంటే ఆర్గనిస్టుకి కనపడేవి వీపులే. జనానికి ఆయన కనపడనే కనపడడు. ప్రవేశానికి వాయించాలి. క్వయర్ ఒక చరణం పాడితే ఇంకో చరణానికి బదులుగా ఆర్గన్ పలకాలి. అర్పణకి, సత్ప్రసాదం ఎత్తి చూపే ఘడియకి, పంచేటప్పుడు, చివర్న అందరూ వెళ్లేటప్పుడు. ఎంతసేపు అన్నది ఎవరూ ముందు చెప్పరు. గురువు ఎంతసేపు తీసుకుంటే అంతసేపు. నిమిషంన్నరలో ఒక ఊహ మొదలై, పెరిగి, కుదురుగా ముగియాలి. అందుకే చాలా భాగం రాసుకున్నది కాదు, అప్పటికప్పుడు పుట్టించిందే.

మన మనోధర్మానికీ దీనికీ పోలిక ఉంది, తేడా కూడా ఉంది. మన విద్వాంసుడు రాగం ఆలపిస్తుంటే ముందు కూర్చున్నవాళ్లు భళా అంటారు, తల ఊపుతారు. ఇక్కడ భళా ఉండదు. ఎవరూ వెనక్కి తిరగరు. వెనక్కి తిరిగారంటే ఏదో తప్పు జరిగిందన్నమాట.

కానీ మేడ మెట్లెక్కి వచ్చేవాళ్లు కొందరుండేవారు. వాయించే ముందు ఆయన ఒక్క క్షణం ఆగి, స్వరాన్ని మనసులో తిప్పుకుని, స్టాపులు లాగి మొదలెట్టేవారని శిష్యులు గుర్తుచేసుకున్నారు. 1866లో లిస్ట్ స్వయంగా ఆ బాల్కనీకి వచ్చాడు. తండ్రి ఏ లిస్ట్‌ని చూసి కొడుకుని స్టేజీకెక్కించాడో ఆ లిస్టే. విన్నాక ఈయన్ని బాక్‌తో పోల్చి మెచ్చుకున్నాడు. చూపు సరిగా లేని ఒక పదేళ్ల పిల్లాణ్ణి కూడా ఒకరోజు ఆ చర్చికి తీసుకొచ్చారు. ఆ శబ్దానికి వాడు నిలువునా కదిలిపోయాడు. పేరు లూయీ వియెర్న్. తర్వాత పారిస్ నోట్ర్ దామ్ కతీడ్రల్‌కే ఆర్గనిస్టు అయ్యాడు.

జీతం మాత్రం బాల్కనీ మీద బతికేంత కాదు. పొద్దున అయిదున్నరకి లేచి రెండు గంటలు తన సొంత సంగీతం రాసుకునేవారు. తర్వాత సాయంత్రం దాకా ఊరంతా తిరిగి ఆడపిల్లల బళ్లలో, ఇళ్లలో పియానో పాఠాలు. పెద్ద రచనలన్నీ ఆ రెండు గంటల్లోనూ వేసవి సెలవుల్లోనూ పుట్టినవే. ఆర్గన్ కోసం రాసిన ఆరు ముక్కలు 1868లో అచ్చయ్యాయి. నాకు సిస్టర్ గారిచ్చిన ‘పానిస్ ఏంజెలికుస్’ 1872 నాటిది. అంతకు పదేళ్లు పైగా ముందు రాసిన పూజా సంగీతంలోకి తర్వాత చేర్చిన పాట. మొదట్లో దానికి ఒక గొంతు, ఆర్గన్, హార్ప్, చెలో, డబుల్ బాస్. ఒక గొంతు వెనక ఇంకో గొంతు అనుసరించినట్టు సాగే ఆ అల్లిక చాలా తేలిగ్గా వినిపిస్తుంది, వాయిద్దామని కూర్చుంటే తెలుస్తుంది.

ఆ 1872లోనే కన్సర్వటోర్‌లో ఆర్గన్ ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. ఇందాక చెప్తానన్న తమాషా ఇదే. ఆ ఉద్యోగానికి ఫ్రెంచి పౌరుడై ఉండాలి. కాగితాలు తీసి చూస్తే, తండ్రి తీసుకున్న పౌరసత్వం కొడుకు మేజర్ అయ్యేదాకానే చెల్లింది. దాదాపు నలభై ఏళ్లు పారిస్‌లో బతికి, పెళ్లాం పిల్లలతో ఉన్న మనిషి తాను ఫ్రెంచివాణ్ణి కాదని అప్పుడు తెలుసుకున్నారు. మళ్లీ దరఖాస్తు పెట్టుకున్నారు, 1873లో వచ్చింది. సర్టిఫికెట్ల కోసం మీసేవ చుట్టూ తిరిగినవాళ్లకి ఈ ఘట్టం ప్రత్యేకం.

ఆర్గన్ క్లాసు పేరుకే ఆర్గన్ క్లాసు. అక్కడ నేర్పింది ఎక్కువగా మనోధర్మం. వాయించడం కంటే ఆలోచించడం. దాండీ, డుపార్క్, షోసోన్ లాంటి కుర్రాళ్లు ఆయన చుట్టూ చేరారు. తండ్రి ఫ్రాంక్ అని పిలుచుకునేవారు. సొంత తండ్రి దగ్గర పడిన మనిషికి ఆ పిలుపు ఎలా ఉండేదో! డెబ్యుసీ కూడా కొన్నాళ్లు ఆ క్లాసులో కూర్చున్నాడు. శ్రుతి మార్చు, ఇంకా మార్చు అని గురువు పోరుతుంటే, ఉన్న చోట హాయిగానే ఉందిగా అని విసుక్కుని మానేశాడంటారు.

బయట ప్రపంచంలో మాత్రం పెద్దగా కలిసిరాలేదు. ‘బీటిట్యూడ్స్’ అనే పెద్ద రచన పదేళ్లు కష్టపడి 1879లో పూర్తిచేశారు. సొంత ఇంట్లో పియానోతోనే వినిపిస్తూ పెద్దమనుషుల్నీ విమర్శకుల్నీ పిలిస్తే, చాలామంది రాలేదు. ఆ రచన మొత్తం ఆయన బతికుండగా ప్రదర్శనకి నోచుకోలేదు. 1885లో ప్రభుత్వం ఒక గౌరవం ఇచ్చింది, అదీ సంగీతకర్తగా కాదు, ప్రొఫెసర్‌గా. 1886లో ఇజాయ్ అనే వయొలిన్ విద్వాంసుడికి పెళ్లికానుకగా రాసిన సొనాటా మాత్రం ఇవాళ్టికీ వయొలిన్‌వాళ్లు వదలరు. 1889 ఫిబ్రవరి 17న ఆయన సింఫనీ మొదటిసారి వాయిస్తే, ఆర్కెస్ట్రావాళ్లే అయిష్టంగా వాయించారు, విన్నవాళ్లలో చాలామందికి ఎక్కలేదు. ఇంటికొచ్చాక ఇంట్లోవాళ్లు ఆదుర్దాగా అడిగితే, నేను అనుకున్నట్టే వినిపించింది అని సంతోషంగా చెప్పారట. జనం సంగతి వాళ్లు అడిగారు, ఆయన శబ్దం సంగతి చెప్పారు. ముప్పయ్యేళ్లు వీపుల వెనక వాయించినవాడికి ఇంకో లెక్క తెలియదేమో. కొందరు దీన్ని అమాయకత్వం అని రాశారు. నాకు అలా అనిపించలేదు.

1890 ఏప్రిల్‌లో ఆయన స్ట్రింగ్ క్వార్టెట్‌కి హాలంతా చప్పట్లు కొట్టింది. అంత గట్టిగా రావడం అదే మొదలు. అప్పటికి 67 ఏళ్లు.

ఆ ఏడే ఆయన వెళ్తున్న బండిని గుర్రాలు లాగే ఆమ్నిబస్ గుద్దింది. దెబ్బ తగిలి కాసేపు స్పృహ తప్పింది. లేచి, బయల్దేరిన చోటికే వెళ్లి, శిష్యుడితో కూర్చుని రెండో పియానో వాయించి వచ్చారు. తర్వాత నడవడం కష్టమైంది. వేసవికి ఊరి బయట విశ్రాంతి తీసుకుంటూ రెండు పనులు చేశారు. ఒకటి ఆర్గన్ కోసం మూడు కోరల్స్, వాటిని ఆయన వీలునామా లాంటివంటారు. రెండోది, హార్మోనియం కోసం చిన్న చిన్న ముక్కలు.

అవును, హార్మోనియమే. దెబాన్ అనేవాడు దానికి 1842లో పేటెంట్ తీసుకున్నది పారిస్‌లోనే. కాళ్లతో తిత్తి తొక్కుతూ రెండు చేతులా వాయించే పెట్టె అది. పైపు ఆర్గన్ కొనలేని చిన్న చర్చిలకి అదే దిక్కు. మన దేశానికి వచ్చాక నేలమీద కూర్చునేవాళ్లకి వీలుగా చేతితిత్తి పెట్టుకుంది. మా తాతయ్యది ఆ వంశమే. 46 స్టాపుల మనిషి, ఒళ్లు బాగాలేని చివరి నెలల్లో, ఊళ్లలోని మామూలు చర్చి వాయిద్యకారుల కోసం పేజీ, అరపేజీ ముక్కలు రాస్తూ కూర్చున్నారు. పూజలో ఆ నిమిషం ఖాళీలకి సరిపోయేవి. 59 పూర్తయ్యాయి. ఇంకా రాయాలని ఉంది, కుదరలేదు.

అక్టోబర్‌లో క్లాసులకి వెళ్లడం మొదలెట్టగానే జలుబు పట్టింది. ఊపిరితిత్తులకి పాకింది. 1890 నవంబర్ 8న పోయారు. పూజ ఆయన చర్చిలోనే జరిగింది. ఆ చర్చి ముందు తోటలో 1904లో విగ్రహం పెట్టారు. ఆర్గన్ ముందు కూర్చుని ఉంటారు, వెనకనుంచి ఒక దేవదూత వంగి ఉంటుంది.

ఇందులో నన్ను నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటుంది. ఫోనోగ్రాఫ్ 1877కే వచ్చింది. అయినా ఆ బాల్కనీలో ఆయన వాయించిన ఒక్క ఆదివారం కూడా ఎక్కడా రికార్డు కాలేదు. లిస్ట్ విన్నది, వియెర్న్ విన్నది, మొత్తం పోయింది. విన్నవాళ్లేమో అచ్చయినవాటికంటే అవే గొప్పవంటారు. ఆయన శిష్యుడు టూర్నెమీర్ 1898 నుంచి అదే చోట కూర్చుని, 1930ల మొదట్లో తన మనోధర్మాన్ని రికార్డు చేయించాడు. వాటిని మోరిస్ డ్యురుఫ్లె విని విని స్వరాలుగా రాసిపెట్టాడు. యూట్యూబ్‌లో దొరుకుతాయి, గరగరమని ఉంటాయి. గురువుది ఎలా ఉండేదో ఊహించుకోవడానికి అంతకంటే దగ్గర దారి లేదు. నా ఫోన్‌లోనేమో ఫెస్ట్ రికార్డింగులు పదకొండు ఉన్నాయి.

ఈస్టర్‌కి ఇంటికి వెళ్లినప్పుడు ఆ 59లో ఒక చిన్నదాన్ని ప్రింటు తీసుకెళ్లాను. రాత్రి పూజలో పాస్కా వొత్తి వెలిగించాక కరెంటు పోయింది. కీబోర్డు చచ్చింది. తాతయ్య హార్మోనియం జరిపి నా ముందు పెట్టారు. ఈ ముక్కకి రెండు చేతులూ కావాలి తాతయ్యా అన్నాను. ఆయన అటువైపు కూర్చుని తిత్తి కొట్టడం మొదలెట్టారు. నేను రెండు చేతులతో వాయించాను. అర్పణ దగ్గర ఫాదర్ గారు చేతులు కడుక్కునేసరికి ఇంకా నాలుగు బార్లు మిగిలి ఉన్నాయి. తాతయ్య తిత్తి వదిలేశారు. స్వరం దానంతటదే సన్నబడి ఆగిపోయింది. ఎవరూ వెనక్కి తిరగలేదు.